ఓడలో అమ్మ మంచం ఎటువైపు?



గత నెల స్త్రీల సమాజం కూడిక ముగిసిన తరువాత మన సంఘంలోని ఒక పెద్దావిడ నన్ను పక్కకు పిలిచారు. బైబిలు సంచిలో మడిచి పెట్టుకున్న ఒక కాగితం తీసి చూపించారు. అమెరికాలో ఉన్న కుమారుడు పంపిన కాగితం అది. తల్లిదండ్రులను అక్కడికి పిలిపించుకొని ఒక వారం రోజులు విహార నౌకలో తిప్పాలని అతని కోరిక. కాగితం నిండా ఓడ బొమ్మ, అంతస్తులు, చిన్న చిన్న గళ్లు. "సిస్టర్, అబ్బాయిని అడగడానికి మొగమాటంగా ఉంది. ఇందులో నా మంచం ఎక్కడ వస్తుందో, బాత్రూం ఎటుందో కాస్త చూసి చెప్పండి" అన్నారు.

పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముసలివాళ్లతో ఓడ ఎక్కబోయే కుటుంబం టికెట్టు కొనకముందే అడగవలసిన మొదటి ప్రశ్న అదే. ఆ ప్రశ్న నేను అడగకపోబట్టే 2024లో మా అమ్మ ఓడలోని ఆసుపత్రి గదిలో సెలైను పెట్టించుకొని పడుకోవలసి వచ్చింది. ఆ సంగతి ఇంతవరకు మన సిబ్బందిలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఓడ ప్రయాణం అంటే మన తరంవారికి అండమాన్ వెళ్లేవారి సంగతిగానే ఉండేది. ఇప్పుడు అలా లేదు. పిల్లలు హ్యూస్టన్‌లోనో డల్లాస్‌లోనో స్థిరపడుతున్నారు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు ఆరు నెలలు ఇంట్లో కూర్చొని విసుగు చెందుతారని వారికి ఏదో ఒకటి చూపించాలనుకుంటారు. ఎక్కువ నడవనక్కర లేకుండా, రోజూ పెట్టె సర్దనక్కర లేకుండా తిరిగి రావచ్చని ఓడ టికెట్టు కొంటారు. మన దగ్గర కూడా 2022 జూన్‌లో విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నైలకు విహార నౌక నడిచింది. 2023లో విశాఖ రేవులో అటువంటి నౌకల కోసం ప్రత్యేకంగా ఒక టెర్మినల్ ప్రారంభించారు. కాబట్టి ఓ.పి.లో "సిస్టర్, నాన్నను ఓడ ఎక్కించవచ్చా?" అని అడిగేవారు ఇంకా పెరుగుతారు.

మా ఇంట్లో జరిగింది

మా చెల్లెలు హ్యూస్టన్‌లో ఉంటుంది. వాళ్ల అబ్బాయి హైస్కూలు చదువు పూర్తయిన సందర్భంగా 2024లో అమ్మను, నన్ను రప్పించింది. అమ్మకు అప్పటికి 81 ఏళ్లు. బి.పి.కి, కాళ్ల వాపుకు మాత్రలు వాడుతుంది. మోకాళ్లు అరిగిపోయాయి. చేతికర్ర ఉంది గాని నలుగురిలో పట్టుకోవడం నామోషీ. హ్యూస్టన్ నుండి కారులో గంట దూరంలో గాల్వెస్టన్ అనే ఓడరేవు ఉంది. అక్కడ ఓడ ఎక్కి మెక్సికో దేశంలోని కోజుమెల్, ప్రోగ్రెసో అనే ఊళ్లు చూసి తిరిగి రావడం, మొత్తం 5 రాత్రులు. మేము ఆరుగురం: చెల్లెలు, మరిది, వాళ్ల అబ్బాయి, అమ్మాయి, అమ్మ, నేను.

చెల్లెలు ఆలస్యంగా బుక్ చేసింది. చవకగా వస్తుందని గది నంబరు ఎంచుకోకుండా, కంపెనీవారు ఏది ఇస్తే అది తీసుకునే పద్ధతిలో కొన్నది. దానివల్ల రెండు గదులు రెండు వేరువేరు అంతస్తుల్లో వచ్చాయి. కిటికీ లేని లోపలి గది వాళ్లు తీసుకున్నారు. బాల్కనీ ఉన్న గది అమ్మకు, నాకు, 14 ఏళ్ల మనవరాలికి ఇచ్చారు. గౌరవమంతా అమ్మకే అని మేమందరం సంతోషపడ్డాము.

గది మన ప్రైవేటు వార్డు గదిలో సగం ఉంటుంది. తలుపు తీయగానే పక్కన బాత్రూం. తరువాత రెండు చిన్న మంచాలు కలిపి ఒకే పెద్ద మంచంగా వేసి ఉంచారు. దాని కాళ్ల వైపు ఒక సోఫా, రాత్రి పూట లాగితే మంచం అవుతుంది. చివర బాల్కనీ అద్దాల తలుపు. సముద్రం కనబడుతుందని అమ్మను బాల్కనీ వైపు పడుకోబెట్టాను. నేను బాత్రూం వైపు పడుకున్నాను. మనవరాలు సోఫా మంచం లాక్కుని పడుకుంది. అంటే అమ్మ రాత్రి లేవాలంటే రెండే దారులు. నా మీదుగా దాటి దిగాలి, లేదా చీకట్లో మంచం చుట్టూ తిరిగి సోఫాకు, గోడకు మధ్య ఉన్న జానెడు సందులో నుండి రావాలి. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

మొదటి రాత్రి ఒంటిగంటకు అమ్మ ఆ సందులో నుండే వచ్చింది. సోఫా ఇనుప అంచు మోకాలి కింద తగిలి చర్మం గీసుకుపోయింది. ఎవరితోనూ చెప్పలేదు. మరునాటి నుండి మధ్యాహ్నం మూడు దాటితే కాఫీ వద్దన్నది. రాత్రి భోజనంలో నీళ్లు ముట్టలేదు. "ఇక్కడి నీళ్లు నాకు పడవు" అని ఒక మాట అనేసింది, మేము నమ్మేశాము. వాపు తగ్గే మాత్ర మాత్రం ప్రతి ఉదయం నేనే గుర్తుపెట్టుకొని వేశాను. ఆ మాత్ర ఒంట్లోని నీటిని బయటకు పంపుతుంది, లోపలికి నీళ్లు రావడం లేదు. నర్సింగు మొదటి సంవత్సరం పిల్లకు కూడా తరువాత ఏం జరుగుతుందో తెలుసు.

నాలుగో రోజు ప్రోగ్రెసో వచ్చింది. అక్కడ సముద్రం లోతు తక్కువ. అందుకని ఓడ ఆగడానికి సముద్రంలోకి సుమారు 6.5 కిలోమీటర్ల పొడవున వంతెనలాంటి కట్టడం కట్టారు. ఓడ దగ్గర నుండి ఊరికి బస్సులో తీసుకెళ్తారు. ఎండ మన మే నెల ఎండలాగే ఉంది. బస్సు దిగి నాలుగు అడుగులు వేయగానే అమ్మ "కళ్లు చీకట్లు కమ్ముతున్నాయే" అని నా చెయ్యి పట్టుకొని అలాగే కింద కూర్చుండిపోయింది. పల్స్ చూశాను, వేగంగా సన్నగా ఉంది. నాలుక చూస్తే ఎండిపోయి ఉంది. మరిది చక్రాల కుర్చీ తెప్పించాడు. తిరిగి ఓడకు చేర్చి కింది అంతస్తులో ఉన్న వైద్య విభాగానికి తీసుకెళ్లాము. డాక్టరు, నర్సులు ఉన్నారు, బాగా చూశారు. పడుకుంటే ఒక బి.పి., లేపి కూర్చోబెడితే దానికంటే చాలా తక్కువ. సెలైను ఎక్కించారు.

అక్కడి నర్సు నన్ను అడిగిన ప్రశ్నలు రెండే. రాత్రి మీ అమ్మగారు ఎన్నిసార్లు లేస్తారు? గదిలో ఏ పక్కన పడుకుంటారు? మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి జవాబు చెబుతుండగానే నాకు అంతా అర్థమైంది. అమ్మ వైపు తిరిగి చూశాను. "పగలంతా మా వెంట తిరిగి అలసిపోయి పడుకుంటున్నావు. నిన్ను, దాన్ని లేపడమెందుకని నీళ్లే మానేశాను" అన్నది.

ముప్పై ఏళ్లుగా రాత్రి రౌండ్లు తిరుగుతున్నదాన్ని. బెడ్‌పాన్ అడగడానికి మొహమాటపడి ఏ ముసలమ్మ అయినా నీళ్లు మానేసిందని తెలిస్తే డ్యూటీ నర్సును నిలబెట్టి అడిగేదాన్ని. నా తల్లి నా పక్కనే పడుకొని మూడు రాత్రులు అదే పని చేస్తే నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం గది చూసే కుర్రవాడిని పిలిచి పరిస్థితి చెప్పాము. అతడు పది నిమిషాల్లో పెద్ద మంచాన్ని విడదీసి రెండు చిన్న మంచాలు చేశాడు. మనవరాలిని వాళ్ల అమ్మ గదికి పంపి సోఫా మూసేశాము. అమ్మ బాత్రూం వైపు మంచం మీద, నేను బాల్కనీ వైపు. మంచం అంచు నుండి బాత్రూం గడప వరకు నాలుగు అడుగులు. మధ్యలో ఏ వస్తువూ లేదు. ఆ రాత్రి అమ్మ మూడుసార్లు లేచింది, మూడుసార్లు నీళ్లు కూడా తాగింది. ఒక్క పైసా ఖర్చు లేని మార్పు ఇది, మొదటి రోజే అడిగితే మొదటి రోజే చేసేవారు. వైద్య విభాగం బిల్లు ముందు మనమే కట్టి తరువాత ఇన్సూరెన్సు నుండి రాబట్టుకోవలసి వచ్చింది. ఇన్సూరెన్సు చేయించినందుకు చెల్లెలు దేవునికి స్తోత్రం చెప్పింది. మీ పెద్దవారికి అది లేకుండా ఓడ ఎక్కించవద్దు.

ఒకే గదా, రెండు గదులా?

ఎక్కువమంది అడిగేది ఇదే. టికెట్టు ధర సాధారణంగా గదికి ఇద్దరు చొప్పున లెక్క కడతారు. ఒక్కరే ఒక గది తీసుకుంటే దాదాపు ఇద్దరి డబ్బు పడుతుంది. అదే గదిలో మూడో మనిషి, నాలుగో మనిషి అయితే తక్కువకు వస్తుంది. అందుకని నలుగురినీ ఒకే గదిలో సర్దేయాలని అనిపిస్తుంది. మూడో, నాలుగో పడక అంటే సోఫా మంచం గాని, పైకప్పు నుండి దింపే మంచం గాని అయి ఉంటుంది. పై మంచానికి నిచ్చెన వేస్తారు, ఆ నిచ్చెన కాళ్లు సరిగ్గా రాత్రి నడిచే దారిలో ఉంటాయి. డబ్బు ఆదా చేయవలసి వస్తే పిల్లలను, మగవారిని అలా సర్దండి. పెద్దవారి గదిలో రెండే మంచాలు, రెండూ నేల మీద, విడివిడిగా ఉండాలి.

పెద్దవారిని ఒక్కరినే ఒక గదిలో ఉంచడానికి నేను ఒప్పుకోను. ఇంట్లో ఒంటరిగా పడుకునే అలవాటు ఉన్నవారైనా సరే. ఇంట్లో చీకట్లో స్విచ్చి ఎక్కడుందో చేతికి తెలుసు. ఓడలో తెలియదు. పైగా నేల కదులుతుంటుంది.

అమ్మ, నాన్న ఇద్దరూ ఉంటే వారికొక గది, పిల్లలకొక గది తీసుకోవడం సహజం. అటువంటప్పుడు మధ్యలో తలుపు ఉండి ఒక గదిలో నుండి ఇంకొక గదిలోకి వెళ్లగలిగే జంట గదులు ఉంటాయి. వాటిని అడగాలి. ఊరికే "పక్కపక్క గదులు" అని అడిగితే మధ్య తలుపు లేనివి ఇస్తారు, జాగ్రత్త. ఇవి తక్కువగా ఉంటాయి, ముందే అయిపోతాయి. దొరకకపోతే పక్క గది, అదీ లేకపోతే ఎదురు గది. వేరే అంతస్తు మాత్రం వద్దు. వారి గది తాళం కార్డు రెండోది ఒకటి వారి అనుమతితో మన దగ్గర ఉంచమని కౌంటరులో అడగవచ్చు. నాన్నకు చెముడు, అమ్మకు మతిమరుపు ఉన్న జంటనైతే విడిగా ఉంచకండి. వాళ్లతో ఒకరు, మిగిలినవాళ్లతో ఒకరు అని కొడుకూ కోడలూ ఆ వారం విడివిడిగా పడుకోవచ్చు. నష్టమేమీ లేదు.

గురక సంగతి కూడా ఇంటి దగ్గరే మాట్లాడుకోండి. అత్తగారి గురకకు నిద్రలేక మూడో రోజుకు చిరాకుపడే కోడలు, ఆ చిరాకు చూసి మౌనం వహించే అత్తగారు, ఇద్దరూ నాకు ఓ.పి.లో బాగా పరిచయమే.

గది ఎక్కడ ఉండాలి

ఓడను తూగుటుయ్యాలగా అనుకోండి. మధ్యన కూర్చుంటే తక్కువ ఊపు, చివరన కూర్చుంటే ఎక్కువ ఊపు. కాబట్టి ముందు కొసలో గాని వెనుక కొసలో గాని ఉన్న గది కంటే నడిమి భాగంలో, పై అంతస్తుల కంటే కింది అంతస్తుల్లో ఉన్న గది పెద్దవారికి మేలు. ఖరీదైన గదులు చాలావరకు పైన ఉంటాయి. ఖర్చు పెట్టి అమ్మను ఎక్కువ ఊగే చోటికి పంపుతామన్నమాట.

రెండవది లిఫ్టు. పెద్ద ఓడలు 300 మీటర్ల పొడవు ఉంటాయి. మన ఆసుపత్రి గేటు నుండి ప్రసూతి వార్డు వెనుక గోడ దాకా అంత ఉండదు. ఆ చివర గది వస్తే భోజనానికి వెళ్లి రావడమే అమ్మకు రోజంతటి నడక. లిఫ్టుకు నాలుగైదు గదుల దూరంలో ఉంటే చాలు. మరీ లిఫ్టు ఎదురుగా ఉంటే రాత్రంతా జనం మాటలు. గదుల బొమ్మ చూసేటప్పుడు పైన ఏముంది, కింద ఏముంది అని కూడా చూడండి. పైనా కిందా గదులే ఉంటే నిశ్శబ్దం. పైన ఈతకొలను, కుర్చీలు ఉంటే తెల్లవారుజామునే కుర్చీలు ఈడుస్తారు. కింద పాటల హాలు ఉంటే అర్ధరాత్రి వరకు డప్పులు.

కిటికీ లేని లోపలి గది అన్నిటికంటే చవక. వయసువాళ్లకు ఫర్వాలేదు. దీపం తీస్తే అది గుహ, మధ్యాహ్నం రెండు గంటలా అర్ధరాత్రి రెండు గంటలా తెలియదు. మతిమరుపు మొదలైన పెద్దవారికి అటువంటి చోట పగలు రాత్రి తారుమారై కలవరం వస్తుంది. మా వార్డుల్లో కిటికీ పక్క మంచం మేము ఎవరికి ఇస్తామో మీలో చాలామందికి తెలుసు. కనీసం కిటికీ ఉన్న గది తీసుకోండి. బాల్కనీ మంచిదే గాని ఆ తలుపు బరువు, దానికి గడప కూడా ఉంటుంది, గాలికి విసురుగా మూసుకుంటుంది. మతిమరుపు ఉన్నవారికి బాల్కనీ గది వద్దనే చెబుతాను. తీసుకుంటే తలుపు పై గడియ రాత్రి పూట మీరే వేయాలి.

లోపలి గదే గతి అయితే రెండు బ్యాటరీ దీపాలు కొనుక్కెళ్లండి. ఓడ గది గోడలు చాలావరకు లోహపు రేకువి, అయస్కాంతం అతుక్కుంటుంది. అయస్కాంతం ఉన్న చిన్న దీపం ఒకటి మంచం దగ్గర, ఒకటి బాత్రూం తలుపు పక్కన అతికిస్తే చాలు. ఇది మనవరాలు చెప్పిన ఉపాయం, నాది కాదు.

బాత్రూం

ఎముకలు విరిగేది ఇక్కడే, మన ఇళ్లలోనైనా ఓడలోనైనా. మామూలు ఓడ గదిలో బాత్రూముకు ఎత్తు గడప ఉంటుంది. స్నానం చేసే మూలకు ఇంకొక చిన్న గట్టు. లోపల ఇద్దరు మనుషులు నిలబడలేరు, అంటే స్నానం చేయించవలసిన పెద్దవారికి ఆ గది పనికిరాదు.

అంగవైకల్యం ఉన్నవారికోసం కొన్ని గదులు వేరుగా ఉంటాయి. వాటి తలుపులు వెడల్పు, గడప ఉండదు, పట్టుకోవడానికి కడ్డీలు, కూర్చొని స్నానం చేయడానికి పీట ఉంటాయి. చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వెళుతుంది. అమెరికా రేవుల నుండి వెళ్లే విదేశీ ఓడలకు కూడా ఆ దేశపు వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుందని 2005లో అక్కడి సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. ఈ గదులు కొద్ది సంఖ్యలోనే ఉంటాయి, అవసరాన్ని తెలిపే పత్రం నింపమంటారు. విశాలంగా ఉందని ఆరోగ్యవంతులు వాటిని పట్టుకోవడం న్యాయం కాదు. మీ పెద్దవారికి నిజంగా అవసరమైతే మాత్రం సిగ్గుపడక అడగండి. "మా నాన్న వికలాంగుడు కాదు, కాస్త నడవలేడు అంతే" అని వెనకాడే కొడుకులను చూశాను. చక్రాల కుర్చీ వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోండి. కుర్చీని రాత్రి నడవాలో వదలనివ్వరు, అగ్నిప్రమాద సమయంలో దారికి అడ్డమని. గదిలో దానికి చోటు ఉందో లేదో ముందే కొలవాలి.

మామూలు గది అయినా ఎత్తు పెంచే కమోడ్ సీటు, స్నానానికి స్టూలు కావాలని ముందుగా అడిగితే చాలా కంపెనీలు ఇస్తాయి. మనవారికి ఇంకొక ఇబ్బంది, అక్కడ నీళ్ల పైపు ఉండదు, కాగితమే. ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో వేసుకెళ్లండి. అక్కడి ఫ్లష్ గాలితో లాగేస్తుంది, పెద్ద శబ్దం వస్తుంది. అమ్మ మొదటిసారి భయపడి బయటకు వచ్చేసింది. ఎక్కిన రోజే పగటిపూట ఒకసారి నొక్కి చూపించండి.

పెద్దవారిని ఎలా అడగాలి

"అమ్మా, ఇక్కడ నీకు బాగుందా?" అని అడిగితే "నాకేం, బాగానే ఉంది" అంటారు. ఆ మాటకు విలువ ఇవ్వకండి. మన పెద్దవారు ఒకరికి భారం కాకూడదని పెరిగినవారు. ఇంకొక విధంగా అడగాలి. రాత్రి ఎన్నిసార్లు లేస్తావు? లేచేటప్పుడు ఏ పక్కకు దిగుతావు? దేన్ని పట్టుకొని లేస్తావు? చెప్పకపోతే ప్రయాణానికి ముందు ఒక వారం వారి దగ్గర పడుకోండి, మీకే తెలుస్తుంది. పక్షవాతం వచ్చి ఎడమ వైపు బలహీనమైనవారు కుడి పక్కకు దిగేలా మంచం ఉండాలి. ఓడ గదిలో మంచం తిప్పలేకపోయినా తల వైపు, కాళ్ల వైపు మార్చి పడుకోవచ్చు.

నీళ్లు మానిపించడం ఎప్పుడూ పరిష్కారం కాదు. వాపు మాత్ర ఉదయమే వేసుకుంటే రాత్రి లేవడం కొంత తగ్గుతుంది. వేళ మార్చాలన్నా, ప్రయాణంలో మోతాదు తగ్గించాలన్నా డాక్టరుగారిని అడిగే చేయండి. లేచేటప్పుడు రెండు నిమిషాలు మంచం అంచున కూర్చొని, కాళ్లు ఆడించి, అప్పుడు నిలబడాలి. మరీ నడవలేనివారికి మంచం దగ్గరే మూత్రపు పాత్ర పెట్టండి, పాత సంగతే గాని దానంత మేలు మరొకటి లేదు.

ఓడ ఊపుకు వాంతి మాత్రల సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే రాత్రి పడిపోవడానికి అవి కూడా కారణం. ప్రొమెథజిన్, సిన్నరిజిన్, మెక్లిజిన్ వంటివన్నీ మత్తు తెస్తాయి. పెద్దవారిలో కలవరం, నోరు ఎండడం, కొందరు మగవారిలో మూత్రం ఆగిపోవడం కూడా చూస్తాము. చెవి వెనుక అతికించే స్కోపోలమిన్ పట్టీ గ్లాకోమా ఉన్నవారికి ప్రమాదకరం. ముందు జాగ్రత్తగా అందరికీ ఒకటి వేసేసే మరిదులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ముసలివారికి వేయనివ్వకండి. నడిమి భాగంలో గది తీసుకోవడమే వారికి మొదటి మందు. ఇన్సులిన్ వాడేవారు గదిలోని చిన్న ఫ్రిజ్‌ను నమ్మకండి, కొన్నిటిలో చల్లదనం చాలదు. వైద్య విభాగంలో ఉంచుతారేమో అడగండి.

అపొస్తలుడైన పౌలు రోమా వైపు చేసిన ఓడ ప్రయాణంలో వైద్యుడైన లూకా వెంట ఉన్నాడని మనకు తెలుసు. అందరికీ లూకా దొరకడు. కాబట్టి మందుల జాబితా, జబ్బుల జాబితా ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాయించుకొని పెద్దవారి చేతిసంచిలోనే ఉంచండి.

ఎక్కిన రోజున అత్యవసర సమయంలో ఎక్కడ గుమికూడాలో చూపిస్తారు. అటువంటి సమయంలో లిఫ్టులు వాడనివ్వరు, మెట్లే. అమ్మ మెట్లు దిగలేదని ఆ రోజే సిబ్బందికి చెప్పి రాయించండి. కింది అంతస్తుల్లో గది ఎందుకు మంచిదని నేను అంటున్నానో చెప్పినప్పుడు మరిది "మునిగితే ముందు అక్కడికే నీళ్లు వస్తాయి కదా వదినా" అని నవ్వించాడు. గుమికూడే చోటుకు మీ గది నుండి ఎన్ని మెట్లు ఎక్కాలో, ఎన్ని దిగాలో ఒకసారి నడిచి లెక్కపెట్టుకుంటే ఆ భయం తీరుతుంది.

అండమాన్ ఓడలు

విశాఖ, చెన్నై, కోల్‌కతాల నుండి అండమాన్‌కు ప్రయాణికుల ఓడలు ఉన్నాయని, అక్కడ బంధువులున్న మన సంఘస్తులు కొందరు వాటిలో వెళుతుంటారు. పోర్టు బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. అక్కడికి చేరడానికి సముద్రం మీద రెండు రోజులు పైనే పడుతుంది. ఇవి విహార నౌకలు కావు, రవాణా ఓడలు. బంక్ క్లాసులో వరుసగా అంతస్తుల మంచాలు, అందరికీ కలిపి బాత్రూములు. 70 దాటినవారిని అందులో తీసుకెళ్లవద్దని నా సలహా. ఇద్దరికి రెండు మంచాలు, లోపలే బాత్రూం ఉన్న క్యాబిన్ దొరికితే తీసుకోండి. దొరకకపోతే అమ్మను విమానంలో పంపి మిగిలినవారు ఓడలో వెళ్లండి. అంత ఖర్చు పెట్టలేకపోతే కనీసం బాత్రూముకు దగ్గరగా కింది మంచం కోసం ఎక్కగానే అడగండి. మన తెలుగువారు అక్కడ చాలామంది ఉన్నారు, తోటి ప్రయాణికులు మంచం మార్చుకోవడానికి సాధారణంగా ఒప్పుకుంటారు.

అమెరికా నుండి ఓడలో వేరే దేశానికి వెళ్లి వచ్చేవారు వీసా మీద మళ్లీ అమెరికాలోకి అడుగుపెట్టే వీలుందో లేదో టికెట్టుకు ముందే చూసుకోవాలి. అది నా పని కాదు, మీ పిల్లలు కనుక్కుంటారు.

ఆ పెద్దావిడ తెచ్చిన కాగితం మీద నేను బాత్రూం పక్క మంచానికి పెన్నుతో గుర్తు పెట్టి, గుర్తు పెట్టిన కాగితాన్ని ఫోనులో ఫోటో తీసి కుమారునికి పంపమన్నాను. అతడు ఆ రాత్రే ఫోను చేసి "అమ్మా, రాత్రి నాలుగుసార్లు లేస్తావని నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాడట. ఇప్పుడు గది మార్చారు. బాల్కనీ పోయింది, కిటికీ ఉంది, లిఫ్టుకు ఆరో గది, కొడుకు గదికీ వీరి గదికీ మధ్య తలుపు ఉంది. ప్రయాణానికి రెండు వారాల ముందు బి.పి. చూపించుకొని మందుల జాబితా రాయించుకోవడానికి ఓ.పి.కి వస్తామన్నారు. మీ ఇంట్లోనూ ఇటువంటి ప్రయాణం ఉంటే గది బొమ్మ కాగితం కూడా వెంట తీసుకొని రండి.